నలభై ఒకటో తాళం

ప్లేనో
సెప్టెంబరు 9

చి.సౌ. బిందుమాధవికి,

నిన్న మనిద్దరం ఫోనులో ముప్పై ఎనిమిది నిమిషాలు మాట్లాడుకున్నాం. అంటే నేను మాట్లాడాను. నువ్వు "ఆ" అన్నావు, "ఊఁ" అన్నావు, ఒకసారి ధైర్యం చేసి "అవునండీ" అన్నావు. ఫోను పెట్టేశాక మీ పెద్దమామయ్య పేపరు దించి, "అవతల ఎవరైనా ఉన్నారా, లేక ప్రాక్టీస్ చేస్తున్నావా?" అని అడిగారు.

అందుకే ఈ ఉత్తరం. పెళ్లికి ముందు నువ్వు శ్రీవత్సకి రాసిన ఉత్తరంలో ఒక పేజీ వాడు నాకు చదివి వినిపించాడు. వాడి మీద కోప్పడకు. నీకు నోరు ఎక్కడుందో ఆ రోజే తెలిసింది, కాగితం మీద ఉంది.

ఇక పని. డెబ్బైలలో అమెరికాకి వచ్చిన మన తెలుగు డాక్టర్ల గురించి నేను రాస్తున్న పుస్తకం ముగిసింది. ఏ సంగతి ఎక్కడ దొరికిందో చెప్పే ఆధారాల పట్టిక చివర ఉంది. మొత్తం అరవై మూడు, పాత పత్రికలు, వైద్య సంచికలు, అన్నీ ఇంటర్నెట్‌లోవే. మా వేద కాలేజీ లైబ్రరీలో పనిచేస్తుంది కదా, నా పట్టిక చూసి పెదవి విరిచింది. "అమ్మా, ఏ లింక్ ఎవరికి ఓపెన్ అవుతుందో చెప్పకుండా ఇస్తే ఎలా? ఇంటికి రమ్మని పిలిచి లోపల గడియ పెట్టుకున్నట్టుంది" అంది. ప్రతి ఆధారం పక్కనా చిన్న తాళం బొమ్మ వేస్తుందట. అందరికీ తెరిచి ఉంటే ఆకుపచ్చ, పేరు నమోదు చేసుకోమంటే బూడిదరంగు, డబ్బు కట్టమంటే ఎరుపు.

అరవై మూడూ తెరిచి చూడాలంటే నా కళ్లకి ఓపిక లేదు, వేదకి తీరిక లేదు. మధ్యాహ్నాలు ఏం చేస్తుంటావని అడిగితే "ఏం లేదండీ" అన్నావు. ఇరుక్కున్నావు.

ఇంగ్లీషు రాదని బెంగపడకు. చదవక్కర్లేదు, తెరుచుకుందో లేదో చూస్తే చాలు. నలభై ఒకటో నెంబరు మాత్రం వదిలెయ్. దానికి డబ్బు కట్టాలని నాకు తెలుసు, ఎర్ర తాళం నేనే వేశాను.

భయం వేసినప్పుడల్లా నా మంచు కథ గుర్తు చేసుకో. 1973 జనవరిలో, నీకంటే రెండేళ్లు పెద్దదాన్ని, ఒహాయోలో మోకాలి లోతు మంచులో కారు నేనే నడుపుకుంటూ ఆసుపత్రికి వెళ్లాను. ఎవరినీ సాయం అడగలేదు. నీలా "ఊఁ" అంటూ కూర్చుని ఉంటే ఆ ఉదయం ముగ్గురు పిల్లలు డాక్టరు లేకుండా పుట్టేవాళ్లు.

ఆశీస్సులతో,
పెద్దత్తయ్య


పిస్కాటవే
సెప్టెంబరు 22

పెద్దత్తయ్యగారికి నమస్కారం. పెద్దమామయ్యగారికి కూడా.

మీ ఉత్తరం మూడుసార్లు చదువుకున్నాను. నా ఉత్తరం మీకు వినిపించిన సంగతి ఆయన్ని అడిగాను. ఒప్పుకున్నారు. రెండు రోజులు రాత్రికి పెరుగన్నమే పెట్టాను. మూడో రోజు ఆయన అడక్కుండానే గిన్నెలు కడిగారు కాబట్టి వంకాయ కూర చేశాను.

మీరు చెప్పిన పని పూర్తయింది. ఆయన పనిచేసే ల్యాబ్‌వాళ్లు ఇచ్చిన ల్యాప్‌టాప్ మధ్యాహ్నాలు ఇంట్లోనే ఉంటుంది. డైనింగ్ టేబుల్ మీద పెట్టుకుని, మీ పట్టికలో ఒక్కొక్క అక్షరం వేలితో చూసుకుంటూ కొట్టాను. రోజుకు పది చూశాను. మీకు నవ్వు రావచ్చు, నాకు అది వేగమే. తెనాలిలో మా నాన్నది పుస్తకాలు కుట్టే షాపు. ఏడో తరగతితో బడి మానేశాక నేను అక్కడే కూర్చుని ఫారాలు, అంటే అచ్చయిన పెద్ద కాగితాలు, మడతపెట్టేదాన్ని. వెనక పేజీలు ఎవరూ చూడరులే అని అడ్డదిడ్డంగా పెడితే నాన్న మళ్లీ విప్పించేవారు. చూసేవాడు ఒక్కడున్నా చాలు, వాడు తిట్టేది మనల్నే అనేవారు. అందుకని మీ పుస్తకం వెనక పేజీలు కూడా అలాగే చూశాను.

అరవై రెండూ తెరుచుకున్నాయి. ఒక్కటి కూడా ఆపలేదు. అన్నిటికీ ఆకుపచ్చ తాళమే వేయమని వేద వదినకి చెప్పండి. ఈ దేశంలో నేను తట్టిన తలుపులన్నీ తెరుచుకోవడం ఇదే మొదటిసారి. నలభై ఒకటి మీరు వద్దన్నారని ముట్టుకోలేదు.

మీ కోడలు,
బిందు


ప్లేనో
అక్టోబరు 3

బిందూ,

అరవై రెండు ఆకుపచ్చ తాళాలు చూసి వేద కుర్చీలో వెనక్కి వాలి నవ్వింది. నాకు కోపం వచ్చి, అంత నమ్మకం లేకపోతే నువ్వే చూసుకో అన్నాను. మీ పెద్దమామయ్య మధ్యవర్తిగా తన కంప్యూటర్ తీశారు. తొమ్మిదోది డబ్బు అడిగింది. పదిహేడోది ఊరూ పేరూ అడిగింది. ఇరవై రెండోది ఆయన్ని రెండు పేజీలు చదవనిచ్చి, ఈ నెలకి మీ కోటా అయిపోయింది, వచ్చే నెల రండి అంది. రేషన్ షాపు గుర్తొచ్చిందన్నారు.

నీకు తెరుచుకున్న తలుపే మాకు మూసుకుందంటే మహత్యం నీ చేతిలో అయినా ఉండాలి, ఆ ల్యాప్‌టాప్‌లో అయినా ఉండాలి. నా అనుమానం రెండోదాని మీద. మీ ఆయన్ని అడుగు. పెరుగన్నం పెట్టే ముందే అడుగు.

పెద్దత్తయ్య


పిస్కాటవే
అక్టోబరు 26

పెద్దత్తయ్యగారికి,

మహత్యం ల్యాప్‌టాప్‌దే. అది ఆయన ల్యాబ్ ఉన్న యూనివర్సిటీవాళ్లది. అందరి బదులు వాళ్లే ముందుగా డబ్బు కట్టేస్తారట, దాన్ని చూడగానే ఆ తలుపులన్నీ తెరుచుకుంటాయట. ఆయన నవ్వి నవ్వి, "మీ పెద్దత్తయ్య పుస్తకం కొన్నవాళ్లందరూ మన డైనింగ్ టేబుల్ దగ్గరికి వచ్చి చదువుకోవాలి. నువ్వు టీ పెట్టాలి" అన్నారు. నేను నవ్వలేదు. వారం రోజుల పని అబద్ధమైపోయింది.

అందుకని మళ్లీ మొదలుపెట్టాను. మీ పుస్తకం చదివే మామూలు మనిషికి ఏది తెరుచుకుంటుందో తెలియాలంటే, నేను మామూలు మనిషిగా వెళ్లాలి. ఇంటికి పదిహేను నిమిషాల నడకలో ఊరి లైబ్రరీ ఉంది. అక్కడి కంప్యూటర్లు ఎవరైనా వాడుకోవచ్చని ఆయన చెప్పారు. మొదటి రోజు గుమ్మం దాకా వెళ్లి తిరిగి వచ్చేశాను. తలుపు మీద కార్డు గురించి ఏదో రాసి ఉంది, నా దగ్గర కార్డు లేదు. ఇంటికి వచ్చి పప్పు రుబ్బాను.

రెండో రోజు కూడా గుమ్మం బయటే నిలబడి ఉంటే లోపలి నుంచి ఒక అమ్మాయి వచ్చింది. మెడలో బిళ్ల, దాని మీద మనీషా అని ఉంది. ఇక్కడే పుట్టిన తెలుగు పిల్ల, కాలేజీ చదువుతూ అక్కడ వాలంటీర్‌గా వస్తుందట. "ఆంటీ, డోర్ ఓపెన్‌లోనే ఉంది, పుష్ చేయాలి" అంది. కార్డు లేదన్నాను. "అది బుక్స్ ఇంటికి తీసుకెళ్తానికి ఆంటీ. కూర్చుంటానికి ఏం వద్దు" అంది. నాకు ఇరవై నాలుగేళ్లే, నేను ఆంటీని కాను అని మనసులో గట్టిగా చెప్పాను. పైకి "ఊఁ" అన్నాను.

ఇప్పుడు లెక్క సరిగ్గా ఉంది. అరవై రెండింటిలో అందరికీ తెరుచుకునేవి పంతొమ్మిది. పేరు అడిగేవి ఇరవై ఒకటి. నెలకు కొన్ని పేజీలే ఇచ్చేవి ఎనిమిది. డబ్బు అడిగేవి పద్నాలుగు. నెంబర్లతో సహా వేరే కాగితం మీద రాసి పెట్టాను.

ఇంకొక సంగతి, తప్పయితే క్షమించండి. మీ పుస్తకం రంగుల్లో అచ్చు వేయిస్తున్నారా? పెద్దమామయ్యగారు పంపిన నమూనా పేజీలు నలుపు తెలుపులోనే ఉన్నాయి. అలాగైతే ఆకుపచ్చ తాళం, ఎర్ర తాళం రెండూ ఒకేలా బూడిదగా పడతాయి. చూసేవాళ్లు అరవై మూడు తాళాలూ మూసే ఉన్నాయనుకుంటారు. బొమ్మల బదులు మాటలే పెడితే బాగుంటుందేమో. తలుపు తీసే ఉంది. పేరు చెబితే తీస్తారు. నెలకు కొన్నిసార్లే తీస్తారు. డబ్బు కడితేనే తీస్తారు. ఇలా నాకు తెలిసిన మాటలు రాశాను, వదిన దిద్దుకోవచ్చు.

నలభై ఒకటో నెంబరు గురించి ఒక మాట ఉంది. అది తరువాత రాస్తాను.

బిందు


ప్లేనో
నవంబరు 7

బిందూ,

పుస్తకం నలుపు తెలుపులోనే. ఆ సంగతి నాకు తెలుసు, వేదకి తెలుసు, అచ్చు వేసే ఆయనకీ తెలుసు. అయినా రంగు తాళాల గురించి ముగ్గురం రెండు నెలలు వాదించుకున్నాం. నీ ఉత్తరం వేదకి చదివి వినిపిస్తే "ఈ అమ్మాయి ఇన్నాళ్లూ ఎక్కడుంది?" అంది. ఫోనులో ఉంది, ఊఁ కొడుతూ ఉంది అన్నాను. నీ మాటలు నాలుగూ ఒక్క అక్షరం మార్చకుండా పెట్టేస్తోంది.

నలభై ఒకటి గురించి ఏమిటా ఒక మాట? నేను చూడవద్దన్నాను కదా. ఆ ఊరి పత్రికవాళ్లు పాత సంచికలకి డబ్బు అడుగుతారు, నాలుగేళ్ల కింద నేనే చూశాను. "మంచులో ఆసుపత్రికి చేరిన కొత్త డాక్టరు" అన్న శీర్షిక బయటికే కనిపిస్తుంది. నా కథకి ఆ సాక్ష్యం చాలు, లోపలికి ఎవరూ వెళ్లక్కర్లేదు. "డబ్బు కడితేనే తీస్తారు" అని రాసి పట్టిక పంపెయ్. జనవరి మొదటి వారంలో అచ్చుకి వెళ్లాలి.

పెద్దత్తయ్య


పిస్కాటవే
నవంబరు 20

పెద్దత్తయ్యగారికి,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టాను.

మీరు వద్దన్నా లైబ్రరీలో నలభై ఒకటి తెరిచాను. నలభై తరువాత నలభై రెండు కొట్టడానికి చెయ్యి రాలేదు. ఫారాల మధ్య ఒకటి తప్పిపోతే అది దొరికేదాకా నాన్న అన్నం తిననిచ్చేవారు కాదు, ఆ అలవాటు.

డబ్బు కట్టమని పెద్ద అక్షరాలతో వచ్చిన మాట నిజమే. దాని కింద చీమల్లాంటి అక్షరాలతో ఒక వాక్యం ఉంది. త్వరగా చదివేవాళ్లు దాన్ని దాటిపోతారు. నేను ఒక్కొక్క మాట పట్టుకుని చదువుతాను కదా, నాకు దొరికింది. యాభై ఏళ్లు దాటిన సంచికలు పేరు నమోదు చేసుకుంటే ఊరికే చదువుకోవచ్చట. మీరు చూసినప్పుడు యాభై నిండలేదు. ఇప్పుడు నిండాయి.

పేరు అడిగింది. ముందు ఆయన పేరు కొడదామనుకున్నాను. మళ్లీ నా పేరే కొట్టాను. మనీషా డిక్షనరీ తెచ్చి ఇచ్చింది, ఆమెకి పేజీ చూపించలేదు. రెండు శనివారాలు పట్టింది.

అందులో మీరు కారు నడపలేదు. కారు ఇంటి ముందే మంచులో కదలకుండా ఉంది. మీరు పట్టుచీర మీద కోటు వేసుకుని అందులో నలభై నిమిషాలు కూర్చుని ఉన్నారు. ఎదురింట్లో దీపం వెలుగుతోంది, కానీ మీరు వెళ్లి తలుపు తట్టలేదు. రోడ్డు మీద మంచు తోసే లారీ నడిపే ఆయన చూసి, దిగి వచ్చి అద్దం మీద కొట్టి ఏం కావాలని అడిగాడు. మీకు మాట రాలేదు. స్టెతస్కోపు తీసి చూపించారు. ఆయన లారీ ఎక్కించుకుని ఆసుపత్రి దగ్గర దించాడు. దారి పొడుగునా ఆమె ఒక్క మాట మాట్లాడలేదు, దిగాక మాత్రం నాలుగుసార్లు థ్యాంక్యూ చెప్పింది అని పత్రికవాళ్లతో ఆయనే చెప్పాడు.

ఎవరినీ సాయం అడగలేదని మీరు చెప్పిన మాట మాత్రం అక్షరాలా నిజం.

పేపర్లో పుట్టిన పిల్లలు ఇద్దరే ఉన్నారు. మూడో బిడ్డ మీ కథలో ఏ సంవత్సరం పుట్టిందో మీరే చెప్పాలి.

ఈ సంగతి ఎవరికీ చెప్పను. ఆయనకి కూడా చెప్పలేదు. మీరు పుస్తకంలో కథ ఎలా రాసుకున్నా అది మీ ఇష్టం, నేను అడ్డు రాను. కానీ ఆ నెంబరు పక్కన "డబ్బు కడితేనే" అని రాయలేకపోతున్నాను, అత్తయ్యగారూ. లైబ్రరీ తలుపు మీద బోర్డు చూసి నేను తిరిగి వచ్చేశానని చెప్పాను కదా. మూసి ఉందంటే చాలు, నాలాంటివాళ్లు తట్టి కూడా చూడరు. పట్టిక మొత్తం అలాంటివాళ్ల కోసమే కదా మనం వేస్తున్నది.

నలభై ఒకటి దగ్గర ఖాళీ వదిలి పంపుతున్నాను. ఏం రాయాలో మీరు రాయండి. మీకు కోపం వస్తే ఈ దేశంలో నాకు ఉత్తరం రాసేవాళ్లు ఎవరూ ఉండరు. ఇది తెలిసే రాస్తున్నాను.

బిందు


పిస్కాటవే
డిసెంబరు 14

పెద్దత్తయ్యగారికి,

మూడు ఆదివారాలుగా మీ ఫోను రాలేదు. పదకొండింటికి ఫోను పక్కనే కూర్చుంటున్నాను. మీ ఆరోగ్యం బాగుందని వేద వదిన ఈయనకి చెప్పిందట. అది విని కొంచెం తేలికపడ్డాను, కొంచెం భయపడ్డాను కూడా. ఆరోగ్యం బాగుండీ ఫోను చేయలేదంటే కోపమే అయి ఉంటుంది.

ఇక్కడ మొదటి మంచు పడింది. మా కారు మీద కూడా.

బిందు


ప్లేనో
డిసెంబరు 23

బిందుమాధవీ,

కోపం వచ్చింది. దాచుకోను. ఇన్ని పుస్తకాలు చదివినదాన్ని, ఇంతమందికి పురుళ్లు పోసినదాన్ని, ఏడో తరగతి చదివిన కోడలు చీమల్లాంటి అక్షరాలు చదివి నన్ను పట్టుకుంటుందా అనుకున్నాను. వారం రోజులు ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. మీ పెద్దమామయ్య ఇంత ప్రశాంతమైన నవంబరు చూడలేదన్నారు.

ఆ పత్రిక మర్నాడే చూశాను. నర్సులు దాన్ని నోటీసు బోర్డుకి పిన్నుతో గుచ్చారు. అది చదివి అందరూ నా వైపు ప్రేమగా చూశారు, ఆ ప్రేమే భరించలేకపోయాను. మీ పెద్దమామయ్య అప్పుడు వేరే ఊళ్లో చదువుతున్నారు. రాత్రి ఫోనులో ఆయనకి కారు నేనే నడిపానని చెప్పాను. ఒకసారి చెప్పాక రెండోసారి సులువు. పదోసారి చెప్పేటప్పటికి స్టీరింగ్ ఎంత చల్లగా ఉందో కూడా గుర్తొచ్చింది.

మొన్న నీ ఉత్తరం తీసి ఆయనకి మొత్తం చదివి వినిపించాను. ఆయన టీ పూర్తిగా తాగి, "ఆ మంచు లారీ సంగతా? నేను వచ్చాక నీ కారుకి బ్యాటరీ పెట్టడానికి వచ్చి ఆ డ్రైవరే నాకు చెప్పాడుగా" అన్నారు. యాభై ఏళ్లుగా ఈ మనిషికి తెలుసు. ప్రతి విందులోనూ నా కథకి తల ఊపుతూ, "ముగ్గురు పిల్లలు" అన్న చోట పప్పు వడ్డించమనేవారు. ఎందుకో ఇప్పుడు అర్థమైంది.

నాలుగో ప్రకరణం మళ్లీ రాశాను. కారు కదల్లేదు. ఎదురింటి దీపం కూడా రాశాను, అది రాయడానికే రెండు రోజులు పట్టింది. ఆ తలుపు ఎందుకు తట్టలేదని ఇన్నేళ్లలో నన్ను నేనే అడగలేదు. ఏం అనాలో తెలియక తట్టలేదమ్మా, అంతే. మూడో బిడ్డ 1986 ప్రాంతంలో ఒక పెళ్లి భోజనాల దగ్గర పుట్టింది. ఆ బిడ్డని తీసేశాను.

నువ్వు ఖాళీ వదిలిన చోట నా చేత్తోనే రాశాను. పేరు చెబితే తీస్తారు.

ఒక్క మాట మాత్రం వెనక్కి తీసుకోవాలి. మొదటి ఉత్తరంలో, నీలా "ఊఁ" అంటూ కూర్చుని ఉంటే అని రాశాను చూడు. అది కొట్టేయ్. నేను "ఊఁ" కూడా అనలేదు.

నీ,
సరోజత్తయ్య


పిస్కాటవే
మార్చి 6

అత్తయ్యకి,

పుస్తకం నిన్న వచ్చింది. అందరూ ముందు నుంచి తెరుస్తారు, నేను వెనక నుంచి తెరిచాను. ఫారాలన్నీ సరిగ్గా ఉన్నాయి, కుట్టు గట్టిగా ఉంది. నాన్నకి ఫోటో తీసి పంపాను. పట్టిక కింద చిన్న అక్షరాలతో "ప్రతి తలుపూ తట్టి చూసినది: బిందుమాధవి, పిస్కాటవే" అని ఉంది. అంత చిన్నగా ఎందుకు వేశారని ఈయన అడిగారు. చిన్న అక్షరాలు చదివేవాళ్లు ఉంటారని చెప్పాను.

ఇవాళ దాన్ని లైబ్రరీకి తీసుకెళ్లాను. మనీషాకి తెలుగు చదవడం రాదు, నలభై ఒకటి మాత్రం తన పేరుతోనే తెరిచి ఇంగ్లీషులో చదువుకుంది. చదివి, "ఫోర్టీ మినిట్స్ ఆ కోల్డ్‌లో అట్లానే కూర్చుందా ఆంటీ?" అని అడిగింది. నేనైతే ఇంకా కూర్చుని ఉండేదాన్నని పైకే చెప్పాను. తరువాత, నన్ను ఆంటీ అనవద్దు, నాకు ఇరవై నాలుగేళ్లే అని కూడా చెప్పాను. సారీ ఆంటీ అంది.

ఈ ఆదివారం మీరు ఫోను చేయకండి. పదకొండింటికి నేనే చేస్తాను. చెప్పాల్సినవి చాలా ఉన్నాయి, నలభై నిమిషాలు పట్టవచ్చు. మీరు మధ్య మధ్యలో "ఊఁ" అంటే చాలు.

బిందు